చదువురాని పిట్టలు

పురుగుమందుల కంపెనీల దగ్గర ఒక మంత్రం ఉంది. సభ ఏదైనా, ప్రశ్న ఏదైనా, చచ్చింది ఏదైనా సరే, జవాబు ఒక్కటే: "లేబుల్‌పై సూచించిన విధంగా వాడితే ఎవరికీ ఏ హానీ ఉండదు." అధికారులూ ఇదే అంటారు, టీవీ చర్చకు వచ్చే నిపుణులూ ఇదే అంటారు. ఈ మంత్రం గొప్పతనం ఏమిటంటే, అది ఎన్నటికీ ఓడిపోదు. పిట్ట బతికిందా, లేబుల్ పాటించినట్టు. చచ్చిందా, పాటించనట్టు. లేబుల్ మాత్రం ఎప్పుడూ నిర్దోషే.

అంతటి మహిమ గల లేబుల్‌ను ఒకసారి దర్శించుకుందాం. సీసా మీద వజ్రం ఆకారంలో ఒక గుర్తు ఉంటుంది, దాని కింది సగానికి రంగు. ఎరుపైతే అతి తీవ్రమైన విషం, పసుపైతే దానికన్నా ఒక మెట్టు తక్కువ, నీలమైతే మధ్యరకం, ఆకుపచ్చైతే కొంచెం విషం. ఆకుపచ్చ కనబడగానే ఆరోగ్యానికి మంచిదేమో అనుకునే అమాయకులూ ఉన్నారు, పాపం. సీసాతో పాటు మడతల మీద మడతలు పెట్టిన కరపత్రం ఒకటి వస్తుంది. విప్పితే వల్లెవాటంత పొడుగు, అక్షరాలు ఆవగింజంత. ఇంగ్లీషు, హిందీ, ఇంకా నాలుగైదు లిపులు దాటుకుంటూ వెళితే మన తెలుగు తగులుతుంది. గాలికి ఎదురుగా కొట్టరాదు. చేతులకు తొడుగులు వేసుకోవాలి. తేనెటీగలు తిరిగే వేళ పిచికారీ చేయరాదు. ఖాళీ డబ్బాలు చెరువుల్లో, కాలువల్లో కడగరాదు. విషం సోకితే వెంటనే వైద్యుణ్ణి కలవాలి.

2000 సంవత్సరంలో రాజస్థాన్‌లోని భరత్‌పూర్ దగ్గర, కేవలాదేవ్ జాతీయ పార్కు పక్క పొలంలో 15 సారస్ కొంగలు చచ్చి పడ్డాయి. కారణం మోనోక్రోటోఫాస్, మన రైతుల నోట్లో ముద్దుగా 'మోనో'. సారస్ అంటే నిలబడితే మనిషంత ఎత్తుండే పక్షి. అంత ఎత్తుండి ఏం లాభం? ఒక్కటంటే ఒక్కటి కూడా కరపత్రం చదవలేదు, వెంటనే వైద్యుణ్ణీ కలవలేదు. అంతకు నాలుగైదేళ్ల ముందు అర్జెంటీనాలో మిడతల మీద కొట్టిన ఇదే మోనోకు, చలికాలం గడపడానికి ఉత్తర అమెరికా నుంచి వెళ్లిన స్వెయిన్సన్ డేగలు వేల సంఖ్యలో రాలిపోయాయి. అంత దూరం దారి తప్పకుండా ఎగరగలవు కానీ నాలుగు ముక్కలు కూడబలుక్కుని చదవలేవు. పక్షిజాతి నిరక్షరాస్యత ప్రపంచవ్యాప్త సమస్య.

సరే, పిట్టలకు చదువు రాదు. మరి చట్టానికి వస్తుంది కదా? 1968 నాటి క్రిమిసంహారక మందుల చట్టం మొదటి వాక్యంలోనే, మనుషులకూ జంతువులకూ ప్రమాదం రాకుండా చూడటమే తన ఉద్దేశమని ఉంది. చదివితే కడుపు నిండుతుంది. రెండు పేజీలు తిప్పి నిర్వచనాల దగ్గర ఆగండి. జంతువంటే ఏది? మనిషికి ఉపయోగపడేది. చేపలు, కోళ్ల వంటివి అందులోకే వస్తాయి. మరి అడవి ప్రాణులు? కేంద్ర ప్రభుత్వం ఫలానా రకాన్ని కాపాడటం మంచిదని భావించి, గెజెట్‌లో ప్రకటిస్తే, అప్పుడు అవీ జంతువులే.

నంద్యాల జిల్లా రోళ్లపాడులో బట్టమేక పిట్ట కోసం 1988లో అభయారణ్యం పెట్టారు. దేశం మొత్తం మీద ఇప్పుడు బయట స్వేచ్ఛగా తిరిగే ఆ పక్షులు నూటయాభై కూడా మిగల్లేదు, ఉన్నవాటిలో దాదాపు అన్నీ రాజస్థాన్‌లోనే. ఈ చట్టం గుమ్మం ముందు ఆ పిట్ట నిలబడితే గుమాస్తా అడిగే ప్రశ్నలు ఊహించుకోండి. నువ్వు పాలిస్తావా? లేదు. నాగలి లాగుతావా? లేదు. గుడ్డు? ఏడాదికి ఒక్కటి, అదీ అమ్మకానికి కాదు. మరి జంతువునని ఎలా అంటావు? గెజెట్ కాపీ తెచ్చావా? మిడతలు తింటానండీ, పురుగులు తింటానండీ, రైతుకు ఉపయోగమే కదండీ అని అది మొత్తుకోవచ్చు. ఆ పనికి మా దగ్గర మందు ఉందమ్మా, నువ్వు వెళ్లిరా.

నాలుగేళ్లు ఆగి 1972లో ఇంకో చట్టం వచ్చింది, వన్యప్రాణుల సంరక్షణకు. దాని ప్రకారం విషం పెట్టి చంపడం కూడా వేటే. ఇదే బట్టమేక ఆ చట్టంలో మొదటి షెడ్యూలు వారి బిడ్డ, పులితో సమానం. కనుక తుపాకీ పట్టుకుని గడ్డిమైదానంలోకి దిగితే అటవీ శాఖ వెంటపడుతుంది. స్ప్రేయర్ పట్టుకుని పక్క చేలోకి దిగితే వ్యవసాయ శాఖ ఆ స్ప్రేయర్‌కు సబ్సిడీ ఇస్తుంది. బట్టమేక తగ్గిపోవడానికి మందే కారణమని నేననడం లేదు. గడ్డి నేలలు పొలాలయ్యాయి, మిగిలిన చోట కరెంటు తీగలు వచ్చాయి. తీగల సంగతి సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. ఆ పక్షి తినే మిడతల సంగతి మాత్రం ఏ కోర్టు బోనూ ఎక్కలేదు.

ఇంతకన్నా కమ్మని సంగతి పంటల సలహాల్లో ఉంది. శనగకో, కందికో, పత్తికో కాయతొలుచు పురుగు పడితే ఏం చేయాలో చెప్పే ఏ సలహా పుస్తకమైనా తీయండి. ఎకరాకు పది చొప్పున పక్షి స్థావరాలు నిలపండి, పిట్టలు వచ్చి వాలి పురుగుల్ని ఏరుకుని తింటాయి అని ఉంటుంది. అక్షరాలా నిజం, కళ్లకు అద్దుకోవాల్సిన సలహా. నాలుగు వరుసలు దిగితే లీటరు నీటికి ఇన్ని మిల్లీలీటర్ల క్వినాల్‌ఫాస్ గానీ క్లోరిపైరిఫాస్ గానీ కలిపి కొట్టండని ఉంటుంది. అదే చేను, అదే పురుగు, అదే పేజీ. పీట వేసి, విస్తరి పరిచి, పేరు పెట్టి పిలిచి, వడ్డనలో విషం పెట్టే మర్యాద మన పురాణాల్లో రాక్షసులకు కూడా తోచినట్టు లేదు.

ఇందులో రైతును తిట్టడానికి ఏమీ లేదు. పత్తి కాలంలో ఏ ఊరి మందుల షాపు ముందైనా కాసేపు నిలబడండి.

"అన్నా, పురుగు ఆగుతలేదే."

"ఏం కొట్టినవ్?"

"మొన్న నువ్విచ్చిందే."

"అయితే ఇది గూడ కలిపి కొట్టు."

"ట్యాంకుకెంత?"

"రెండు మూతలు పొయ్యి."

శాస్త్రం, లేబుల్, నిపుణుల కమిటీ అన్నీ కలిసి ఆఖరికి రెండు మూతలు. ఆ సీసా షాపువాడు అప్పుమీద ఇచ్చాడు కాబట్టి, పంట వచ్చాక అదే షాపులో లెక్క తేల్చాలి కాబట్టి, అతను ఎంత పొయ్యమంటే అంత. కూలికి వచ్చి ట్యాంకు భుజానికెత్తుకున్న మనిషికి చేతి తొడుగులే లేవు, ముక్కుకు కట్టుకున్నది తలగుడ్డ. 2017లో మహారాష్ట్రలోని యవత్మాల్ పత్తి చేలలో మందు కొడుతూ కూలీలు చచ్చిపోయారు. అప్పుడూ వినిపించింది ఈ మంత్రమే, జాగ్రత్తలు పాటించలేదని. మనిషినే వదలని మంత్రం పిట్టను వదులుతుందా?

అలాగని ప్రభుత్వం కళ్లు మూసుకుని కూర్చుందని అనకండి, కమిటీ వేసింది. వేరే దేశాలు నిషేధించినా మన దగ్గర నడుస్తున్న 66 మందుల మీద 2013లో కమిటీ. 2018లో 18 మందులకు స్వస్తి. 2020 మేలో మరో 27 మందులను నిషేధిస్తామని ముసాయిదా. అందులో మోనో ఉంది, కార్బోఫ్యూరాన్ ఉంది, మలాథియాన్ ఉంది. అభ్యంతరాలకు 45 రోజులు గడువిచ్చారు, చాలదంటే 90 చేశారు. అభ్యంతరాలు వచ్చాక వాటిని చూడటానికి ఇంకో కమిటీ. తీరా 2023లో ఉత్తర్వు వచ్చేసరికి పూర్తిగా పోయినవి మూడు, వాటికి తోడు మోనోలో 36 శాతం ద్రావణం. ఆ మోనో ఖాళీ డబ్బాలో పోసి ఉంచిన వంటనూనె వల్ల బిహార్‌లో 23 మంది బడిపిల్లలు మధ్యాహ్న భోజనం తిని చనిపోయి అప్పటికి పదేళ్లు. అమెరికా దాన్ని వదిలించుకున్నది 1988లో.

అమెరికా అంటే గుర్తొచ్చింది, అక్కడా పూజ లేబుల్‌కే. అంతరించే జాతుల చట్టం వాళ్లకు 1973 నుంచీ ఉంది. తన పురుగుమందుల నిర్ణయాల్లో ఆ చట్టం చెప్పినట్టు చేసింది 5 శాతం లోపేనని అక్కడి ప్రభుత్వ పర్యావరణ సంస్థే 2022లో రాసుకుంది. మలాథియాన్ వల్ల 78 జాతుల మనుగడకే ముప్పని 2021లో అక్కడి వన్యప్రాణి శాఖ ముసాయిదాలో తేల్చింది. మరుసటి ఏడు తుది నివేదికలో ఆ లెక్క సున్నా. మధ్యలో జరిగింది ఏమిటయ్యా అంటే, కంపెనీలు లేబుల్ మార్చడానికి ఒప్పుకున్నాయి. 48 గంటల్లో వాన వచ్చేలా ఉంటే కొట్టొద్దని, ఇంకా అలాంటివి. పెన్ను కదిపితే 78 జాతులు బతికి బట్టకట్టాయి.

మందు ఆపితే రైతు నాశనమైపోతాడని గుండెలు బాదుకునే వారికి దూరపు ఉదాహరణలు చెప్పను. ఉమ్మడి ఖమ్మం జిల్లా పునుకుల రైతులు పత్తిలో పురుగుమందులు మానేసి ఇరవై ఏళ్లు దాటింది. జనగామ దగ్గర ఏనబావి ఊరు ఊరంతా మానేసింది. ఆ ఊళ్ల మీద ఏ పిడుగూ పడలేదు.

రాబందుల కథ కూడా చూడండి. డైక్లోఫెనాక్ అనే నొప్పి మందు వేసిన పశువు కళేబరం తిని అవి దాదాపు తుడిచిపెట్టుకుపోతుంటే, 2006లో పశువులకు ఆ మందును ఆపేశారు. కానీ మనుషుల కోసం అమ్మే పెద్ద సీసాలు పశువులకు ఎక్కిస్తూనే ఉన్నారు. ఆ సీసాల మీద "పశువైద్యానికి కాదు" అని లేబుల్ ఉంది, స్పష్టంగా. ఎవరూ చదవలేదు. 2015లో సీసా సైజే 3 మిల్లీలీటర్లకు తగ్గించారు. ఆవుకు ఎక్కించాలంటే అలాంటివి గుప్పెడు కొనాలి. మనిషిని ఆపింది సీసా సైజు, దాని మీది రాత కాదు.

మళ్లీ మన 2023 ఉత్తర్వుకు వద్దాం, అందులో ఒక ముక్క మిగిలింది. నారుమడిలో చల్లే కార్బోఫ్యూరాన్ గుళికలు తెలుసుగా. ఇసుక రేణువంత ఉంటాయి, గింజ అనుకుని ఏరుకుంటుంది పిట్ట, చిన్న పిట్టకు ఒక్కటి చాలు. ఆ మందు రకాలన్నిటినీ ఉత్తర్వు ఆపేసింది, 3 శాతం పూత గుళికలను తప్ప. వాటికి షరతు పెట్టారు: లేబుల్ మీద పంట పేరు ఉండాలి. పిట్ట పేరు అక్కర్లేదు.