కొండంతా పెంకులే

పాతకాలపు ఇటలీ జనం ఎట్రుస్కన్ల పేరు చెప్పి ఎవరైనా మిమ్మల్ని అక్కడికి తవ్వకాలకు రమ్మంటే ముందు మోకాళ్లు ఎలా ఉన్నాయో చూసుకోండి. బంగారం సంగతి తర్వాత. 1836లో చెర్వెతెరీలో రెగొలీని-గలాస్సీ అనే ఎట్రుస్కన్ సమాధి తెరిస్తే మిలమిలలాడే నగలు బయటపడ్డాయి. అవిప్పుడు వాటికన్ మ్యూజియంలో ఉన్నాయి. ఆ ఫోటోలు చూసి ఆశపడి వచ్చిన బాపతే మేమంతా. మాకు సియెనాకు దక్షిణాన ఓ కొండ మీద, ఓక్ చెట్ల మధ్య, ఒక మోస్తరు గది అంత గుంత అప్పగించారు. అందులో ఉన్నది మట్టి. మట్టి కింద పెంకులు. పెంకుల కింద, ఓపిక ఉంటే, ఇంకొన్ని పెంకులు.

పొద్దున ఏడింటికల్లా కొండెక్కాలి. పలుగులు, పారలు, బకెట్లు, ఒంటిచక్రం బండి మోసుకెళ్తుంటే రోడ్డు కాంట్రాక్టరు మనుషులమని ఎవరైనా అనుకోవచ్చు. పలుగు మాత్రం కొత్తవాళ్ల చేతికివ్వరు. మాకిచ్చేది అరచేతంత తాపీ. దాంతో నేలను పలచగా గీకాలి. గీకిన మట్టిని ఊడ్చి, ఊడ్చినదాన్ని జల్లించి, జల్లించినదాన్ని తీసుకెళ్లి వాలులో గుట్ట పొయ్యాలి. గుంత అంచున కూర్చోకూడదు. అంచు విరిగితే గోడలో కనిపించే పొరల వరస చెడుతుంది. చుట్టూ కట్టిన దారాన్ని తాకకూడదు. నేల మట్టిదే, అయినా దాని మీద మట్టి కనిపించకుండా చీపురుతో ఊడవాలి. ఇంట్లో చీపురు పట్టని నాచేత ఎప్పుడో పోయిన ఎట్రుస్కన్ల ఇల్లు ఊడిపించారు.

అన్నిటికంటే పెద్ద తగాదా రంగు దగ్గర. మట్టి రంగు మారిందంటే పొర మారినట్టు. ఏ రంగో మన ఇష్టం వచ్చినట్టు రాయడానికి లేదు. మున్సెల్ అని ఒక పుస్తకం ఉంది, పేజీ నిండా చిన్నచిన్న రంగు బిళ్లలు. పిడికెడు మట్టి తీసి, నీళ్లు చిలకరించి, నల్లద్దాలు తీసేసి, ఒక్కో బిళ్ల పక్కన పెట్టి చూడాలి. 10 వైఆర్ 4/3 అయితే గోధుమరంగు. 10 వైఆర్ 4/4 అయితే పసుపు కలిసిన ముదురు గోధుమరంగు. రెంటికీ తేడా కనిపెట్టగలిగింది ఆ పుస్తకం అచ్చేసినవాడొక్కడే. నీడలో ఒకటంటారు, ఎండలోకి తెచ్చి ఇంకోటంటారు. చీర కొంగు పట్టుకుని మ్యాచింగ్ సెంటర్లో జాకెట్టు గుడ్డ వెతికే పెళ్లివారు కూడా ఇంతసేపు నిలబడరు. అక్కడైనా చివరికి షాపువాడు విసిగి ఏదో ఒకటి చింపి చేతిలో పెడతాడు.

ఇక పెంకుల సంగతి. ఎట్రుస్కన్ల ఇంటి కప్పు మీద రెండు రకాల పెంకులుండేవి. రెండు పక్కలా అంచులు లేచిన బల్లపరుపు పెంకొకటి, రెండు పెంకుల మధ్య సందు కప్పడానికి బోర్లించే గూన పెంకొకటి. మాది అనంతపురం, మట్టి మిద్దెల సీమ. పెంకుల్లో నాకు ప్రవేశం తక్కువ. గోదావరి జిల్లాల పెంకుటింట్లో పుట్టినవాడైతే చూడగానే చెప్పేసేవాడేమో. ఇల్లు కూలితే దూలాలు పుచ్చిపోతాయి, మట్టి గోడలు వానకు కరిగి మళ్లీ మట్టే అవుతాయి. మిగిలేది పునాది రాళ్లు, కాలిన పెంకులు. అందుకే కొండంతా అవే. వాటిని ట్రేలకెత్తి, రకం చూసి, లెక్కపెట్టి, తూకం వేసి, అంచో రంగో గుర్తో ఉన్నవి దాచి, తక్కినవి పారబోస్తాం. పాత ఇనపసామాన్ల కొట్టువాడైనా తూకం వేశాక సరుకు పారేయడు.

పెంకులంటే నాకున్న చులకన పోయింది మాత్రం ముర్లోలో. మాకు దగ్గరే ఆ ఊరు. దాని పక్కనే పోజ్జో చివితాతే అనే గుట్ట, 1966 నుంచి అక్కడ తవ్వుతున్నారు. క్రీస్తుకు పూర్వం ఏడో శతాబ్దం చివరిలోనో, ఆరో శతాబ్దం మొదట్లోనో అక్కడి కట్టడాలకు నిప్పంటుకుంది. వాటిలో ఒకటి పనివాళ్ల షెడ్డు. అప్పుడే చేసిన పచ్చి పెంకులు నేల మీద పరిచి ఆరబెట్టారు. మంటలు చూసి పనివాళ్లు ఆ పెంకుల మీదుగానే పరుగెత్తారు. మెత్తటి మట్టిలో పాదాలు దిగబడ్డాయి. వెనకాలే వచ్చిన నిప్పు ఆ పెంకుల్ని కాల్చి గట్టి చేసింది. రాజుల పేర్లు సరిగా తెలియని చోట, పని వదిలేసి పారిపోయిన కూలీ కాలిముద్ర మాత్రం భద్రంగా ఉంది.

అదే చోట తర్వాత ఇంకా పెద్ద భవనం కట్టారు. ఒక్కో వైపూ దాదాపు 60 మీటర్లు. కప్పు మీద కాల్చిన మట్టి మనుషుల్ని కూర్చోబెట్టారు. అందులో ఒకాయన వెడల్పాటి అంచున్న టోపీ పెట్టుకుని ముర్లో మ్యూజియంలో ఉన్నాడు. అందరూ ఆయన్ని కౌబాయ్ అంటారు. మా గుంతలో ఎండకు అందరం పెట్టుకునేది అలాంటి టోపీలే. ఆయనకున్న హుందాతనం మాత్రం మాలో ఒక్కరికీ రాలేదు.

మధ్యాహ్నం భోజనానికి టస్కనీ రొట్టె. ఉప్పు వెయ్యరు. మరిచిపోయి కాదు, అక్కడి పద్ధతే అది. సంచిలోంచి చెనిక్కాయల పొడి తీసి, ఆలివ్ నూనెతో కలిపి రొట్టెకు పూసుకుని తిన్నాను. పక్కనున్న వాళ్లు అడిగి పెట్టించుకున్నారు, ముక్కులు తుడుచుకున్నారు, మళ్లీ అడిగారు. ఆ పూట మా కొండ మీద బయటపడ్డ విలువైన వస్తువు ఆ డబ్బా ఒక్కటే.

రెండింటికి నా తాపీకి తెల్లటి ముక్క తగిలింది. రాయా, ఎముకా? తేల్చుకోవడానికి పాతకాపులు వాడే చిట్కా ఒకటుంది. నాలుకకు ఆనించడం. ఎముకకు సన్నటి రంధ్రాలుంటాయి గనక నాలుకకు అతుక్కుంటుంది, రాయి అతుక్కోదు. అందరూ నావైపే చూస్తున్నారు. ఆనించాను. అతుక్కుంది. చప్పట్లు కొట్టారు. నా డిగ్రీకి కూడా ఎవరూ అలా కొట్టలేదు.

ఇంతలో ఉరిమింది. ఎట్రుస్కన్ పూజారులు ఆకాశాన్ని 16 భాగాలు చేసి, ఏ భాగంలో మెరిస్తే ఏ దేవుడి కబురో చెప్పేవారట. రోమన్లు కూడా వాళ్లని పిలిపించుకుని అడిగేవారు. మేం ఎవర్నీ అడగలేదు. నలుగురం కలిసి ఒక టార్పాలిన్‌ను పదహారు దిక్కులకూ లాగాం. గుంత సగం కప్పేసరికి వాన వెలిసింది. తడిసిన మట్టికి మళ్లీ రంగు చూడమన్నారు.

సాయంత్రం బస దగ్గర టూత్‌బ్రష్షులతో పెంకులు తోముతుంటే మాయమ్మ ఫోను.

"ఏం పని చేసినావు రా ఈ పొద్దు?"

"మట్టి మోసినా మా."

"కూలి ఎంతిస్తారు?"

"ఇయ్యరు మా. ఫీజు మనమే కట్టినాం గదా, అది దీనికే."

కాసేపు ఉలుకూ పలుకూ లేదు. ఉపాధి హామీ 2006లో మొదలైందే మా జిల్లా బండ్లపల్లిలో. మట్టి పనికి రేటెంతో మా వైపు ఎవరికీ చెప్పనక్కర్లేదు.

"దుడ్లు కట్టి మట్టి మోసేటోన్ని నిన్నే చూస్తి నాయనా! పోనీ, ఏమన్నా దొరికిందా?"

ఎముక కథంతా చెప్పాను, నాలుకతో సహా. చప్పట్ల సంగతి కాస్త సాగదీసి మరీ చెప్పాను.

"దేని ఎముక రా అది?"

"గొర్రెదో పందిదో ఇంకా తేలలేదు. రెండువేల ఆరునూర్ల ఏండ్ల నాటిది మా!"

"ఎన్నేండ్లదైతే ఏమిరా," అంది మాయమ్మ, "ఈ పొద్దు శనివారం గదా!"