నాకున్న ఓటు

హైస్కూల్లో లెక్కలు చెప్పే నాకు ఉపాధ్యాయ ఎమ్మెల్సీ ఎన్నికల్లో ఓటుంది. దాన్ని చూసుకుని చాలాకాలం మురిసిపోయాను. శాసనమండలి సభ్యుల్లో పన్నెండో వంతును ఉపాధ్యాయులు ఎన్నుకోవాలని రాజ్యాంగం 171వ అధికరణ చెబుతోంది. డాక్టర్లకు, ఇంజనీర్లకు లేని హక్కు మాకుంది. ఆంధ్రప్రదేశ్‌లో 1985లో రద్దయిన మండలి 2007లో మళ్లీ వచ్చిన సంగతి కొత్తగా చేరిన టీచర్లకు చెప్పి, "మన గొంతు మనకు తిరిగొచ్చింది" అనేవాణ్ణి.

ఆ 'మన'లో ఎవరున్నారో, ఎవరు లేరో ఏనాడూ చూడలేదు. ఆ ఓటు సెకండరీ స్థాయికి తగ్గని విద్యాసంస్థల్లో కనీసం మూడేళ్లు పాఠం చెప్పినవాళ్లకేనని అదే అధికరణలో రాసి ఉంది. ప్రైమరీ స్కూల్లో పిల్లల చేత అక్షరాలు దిద్దించే ఎస్జీటీకి (సెకండరీ గ్రేడ్ టీచరుకు) లేదు. డిగ్రీ ఉంటే పట్టభద్రుల ఓటు ఉండొచ్చు, కానీ అది టీచరుగా వచ్చింది కాదు.

మా పక్కనే ఉన్న ప్రైమరీ స్కూలు మేడం ఓసారి అడిగారు: "మాకెందుకు లేదు సార్ ఓటు?"

"మీ సంగతులు మేం మాట్లాడతాంగా మేడం" అన్నాను. మనస్ఫూర్తిగా నమ్మే అన్నాను.

2022లో ఆంధ్రప్రదేశ్‌లో జీవో 117 వచ్చింది. మూడు, నాలుగు, ఐదు తరగతుల్ని దగ్గర్లోని హైస్కూళ్లలో కలపడం ఊపందుకుంది. మూడో తరగతి నుంచే సబ్జెక్టు టీచరు దొరుకుతాడు కదా, ఇంకేం కావాలి అనుకున్నాను. మా ఉపాధ్యాయ సంఘం సమావేశంలో లేచి అదే మాట చెప్పాను. మేడం ఒప్పుకోలేదు. "ఆ వయసు పిల్లలకు పొద్దుటి నుంచి సాయంత్రం దాకా కనిపెట్టుకుని ఉండే ఒక్క మనిషి కావాలి సార్" అన్నారు. ఆమెకు పోస్టు పోతుందన్న భయం పట్టుకుందని నాలో నేను తీర్మానించుకున్నాను. ఇన్నేళ్ల ఉద్యోగంలో నేను చేసిన అన్నిటికన్నా పెద్ద తప్పు అదే.

పిల్లలు మా హైస్కూలుకు వచ్చారు. ఒక పాప కూడికలు, తీసివేతలు చకచకా చేసేది. అదే లెక్క మాటల్లో ఇస్తే ఖాళీ కాగితం ఇచ్చేది. లెక్కల్లో వెనకబడిందని రాసుకున్నాను. ఆ పాపకు తెలుగు వాక్యం చదవడం రాదని నాకు చాలా ఆలస్యంగా తెలిసింది. తెలుగు పీరియడు నాది కాదు, బెల్లు కొట్టగానే ఇంకో క్లాసుకు పరిగెత్తాలి. తెలుగూ లెక్కలూ ఒకరే చెప్పే ప్రైమరీ టీచరైతే ఆ సంగతి మొదటి వారంలోనే పట్టుకునేది. నాకు లెక్కల్లో ఎంత నైపుణ్యం ఉన్నా ఆ చూపు లేదు. నాకు లేని ఆ చూపు తరఫున మాట్లాడతానని మేడానికి మాటిచ్చాను!

2025లో ఆ జీవోను వెనక్కి తీసుకున్నారు. మధ్యలో పోయిన చదువు మాత్రం ఆ పిల్లలకు తిరిగి రాదు.

విద్యాహక్కు చట్టం ప్రకారం స్కూల్ మేనేజ్‌మెంట్ కమిటీలో నాలుగింట మూడు వంతులు తల్లిదండ్రులే. అది సబబే, బడి వాళ్లది. కానీ ఏ తరగతి ఎక్కడ ఉండాలో, ఎంతమందికి ఒక టీచరో తేలేది ఆ కమిటీలో కాదు, రాజధానిలో. అక్కడ సంఘం నాయకులతో చర్చలు జరగకపోలేదు. ఎమ్మెల్సీలూ ఉన్నారు. అయితే ఉపాధ్యాయ స్థానం నుంచి పోటీ చేసేవాడు టీచరే అయ్యుండాలన్న నియమం కూడా లేదు. ఆ పొద్దున ఒకటో తరగతికి పాఠం చెప్పి వచ్చిన మనిషికి ఆ బల్ల దగ్గర కుర్చీ కావాలి, ఓటుతో సహా. 171వ అధికరణ మార్చాలంటే పార్లమెంటు కావాలి. ఒక రాష్ట్ర కమిటీలో ఎస్జీటీకి చోటివ్వడానికి ప్రభుత్వ ఉత్తర్వు చాలు.

మొన్న మా సంఘం వాళ్లు విద్యాశాఖతో మాట్లాడే బృందంలో నా పేరు రాస్తామన్నారు. మేడం పేరు రాయమన్నాను. హైస్కూలు వాళ్లలో కొందరు ఒప్పుకోలేదు, సీనియారిటీ అన్నారు. వచ్చే సమావేశంలో మళ్లీ అడుగుతాను. ఆ రోజు ఆమెను కూడా రమ్మన్నాను, ఆ మాట ఆమే చెప్పుకోవాలని.