రోమన్ కంచుకి చింతపండు

రోమన్ నాణేలు పోగుచేయాలని పుట్టిన కోరిక బంగారం దగ్గర మొదలవుతుంది. ధర విన్నాక వెండికి దిగుతుంది. అక్కడా ధర విని కంచు దగ్గర చతికిలబడుతుంది. నాదీ అంతే. 294 ప్రాంతంలో డయోక్లీషియన్ చక్రవర్తి నాణేల పద్ధతిని తిరగరాసిన దగ్గర్నుంచి, అయిదో శతాబ్దంలో పడమటి రోము కూలిపోయేదాకా కొట్టిన కంచు ఇది. ఎంత కొట్టారంటే, 2013లో ఇంగ్లండులోని డెవన్‌లో, సీటన్ డౌన్ అనే చోట ఒకే గోతిలో ఇరవై రెండు వేలకు పైగా దొరికాయి. అరిగినదైతే ఒక పూట హోటలు భోజనం ఖర్చుకి వచ్చేస్తుంది. కాబట్టి మీ చేతిలో పది పాడైనా రోముకి పోయేదేమీ లేదు. ఆ ధైర్యంతోనే నా అనుభవం నలుగురికీ పంచుతున్నాను.

కొనేటప్పుడు మట్టితోనే కొనండి. తూర్పు యూరప్ పొలాల్లో దొరికిన నాణేలను కడగకుండా, వంద చొప్పున సంచీ కట్టి అమ్ముతారు. "తవ్వినవి తవ్వినట్టే ఉన్నాయి, మేం ముట్టుకోలేదు" అంటాడు అమ్మేవాడు. నమ్మండి. అతని దగ్గర భూతద్దం ఉంది, మంచి దీపం ఉంది, ముప్ఫై ఏళ్ళ అనుభవం ఉంది, సాయంత్రాలు ఖాళీ కూడా ఉంది. అయినా సంచీలో ఉన్న ఆ ఒక్క అరుదైన నాణేన్నీ చూడకుండా మీకోసమే వదిలేశాడు. మొదటి సంచీలో నాకు డెబ్బై అయిదు గుండ్రటి మట్టిబిళ్ళలు, ఇరవై రెండు విరిగిన ముక్కలు, ఒక గుండీ, రెండు సీసం తునకలు వచ్చాయి. గుండీ బాగానే ఉంది.

ఇక తోమడం. ఇందులో మనకున్న వారసత్వం యూరప్ వాళ్ళకి లేదు. వాళ్ళు నాణేన్ని డిస్టిల్డ్ వాటర్‌లో వారాల తరబడి, ఒక్కోసారి నెలల తరబడి నానబెడతారు. నీళ్ళు మారుస్తూ ఉంటారు. తర్వాత సూక్ష్మదర్శిని కింద పెట్టి, వెదురు పుల్లతో మట్టిని గోరంత గోరంత గీకుతారు. ఒక నాణేనికి ఒక ఋతువు. మన ఇళ్ళల్లో దేవుడి సామాను శుక్రవారం పొద్దున్న పది నిమిషాల్లో ధగధగలాడుతుంది. రహస్యం అందరికీ తెలిసిందే, చింతపండు. గుప్పెడు నానబెట్టి, గుజ్జు పిసికి, పీచు పెట్టి తోమాను.

నాణేల పండితులు దీనికి గుండె బాదుకుంటారు. పదహారు వందల ఏళ్ళు భూమిలో ఉన్న కంచు పైన చిలుము పడుతుంది. ఆకుపచ్చగానో, ముదురు గోధుమ రంగులోనో, నున్నగా, గట్టిగా ఉంటుంది. చక్రవర్తి ముక్కు, జుట్టు పాయలు, తలపట్టీ ముత్యాలు అన్నీ ఆ చిలుములోనే ఉన్నాయనీ, అడుగున ఉన్న లోహం ఎప్పుడో తినేయబడిందనీ వాళ్ళ వాదం. పులుపు తగిలితే చిలుము కరుగుతుంది, దానితోపాటు చక్రవర్తీ పోతాడు. ఈ నాణేల్లో చాలావాటికి పైన పలచటి వెండిపూత కూడా వేసేవారు. సర్కారు వెండి నాణెం ఇస్తున్నానని చెప్పుకోవడానికి ఆ పూత, కంచు ఇస్తున్నానని ఒప్పుకోవడానికి లోపలి ముద్ద. ఎక్కడో ఒక మూల ఆ పూత ఇంకా మిగిలి ఉంటే, నాణెం విలువ చాలావరకు అక్కడే ఉంటుంది. చింతపండు దాన్నీ వదలదు. నా పళ్ళెంలో నీళ్ళు మొదట పచ్చగా, తర్వాత నల్లగా మారాయి. చివరికి కొత్త రాగి చెంబులా ఎర్రటి బిళ్ళ బయటపడింది. ఇంత శుభ్రమైన రోము నేనెప్పుడూ చూడలేదు.

అంత ఓపిక లేనివారు పాత సెల్‌ఫోన్ ఛార్జర్ వైరు కోసి, ఒక కొస నాణేనికి, ఇంకో కొస గరిటెకి కట్టి ఉప్పునీళ్ళలో ముంచవచ్చు. బుడగలు వస్తాయి. పిల్లలు చూడటానికి బాగుంటుంది. ఉప్పులోని క్లోరైడు కంచుకి పరమశత్రువనే మాట పిల్లల ముందు ఎత్తకండి.

తోమిన కొన్నాళ్ళకి నాణెం మీద లేత ఆకుపచ్చ పొడి చుక్కలు చుక్కలుగా లేస్తుంది. గోటితో గీకితే రాలుతుంది, కింద చిన్న గుంట కనిపిస్తుంది. దీన్ని కంచు జబ్బు అంటారు. లోపల చిక్కుకున్న క్లోరైడుకి గాలిలోని తడి తగిలితే ఆమ్లం పుడుతుంది, ఆ ఆమ్లం లోహాన్ని తింటుంది, మళ్ళీ క్లోరైడు తయారవుతుంది. అప్పు మీద వడ్డీలాగా, తనంతట తాను ఆగదు. పొడిగా ఉన్న డబ్బాలో, సిలికా జెల్ పొట్లాలు వేసి ఉంచాలట. నేను మాత్రం విశాఖపట్నంలో, సముద్రపు గాలి నేరుగా తగిలే కిటికీ గట్టు మీద పెట్టాను. గాలి ఆడితే జబ్బులు తగ్గుతాయని మా ఇంట్లో అందరి నమ్మకం.

గుర్తుపట్టడం గురించి బెంగ వద్దు. ప్రతి చీటీ మీదా "కాన్‌స్టంటైన్" అని రాసేయండి. సగం నిజమే అవుతుంది. తాత పేరు మనవళ్ళందరికీ పెట్టుకునే మనకి ఆ ఇంటి సంగతి తేలిగ్గా అర్థమవుతుంది. తండ్రి కాన్‌స్టాంటియస్. కొడుకు కాన్‌స్టంటైన్. ఆయన కొడుకుల్లో ముగ్గురు: కాన్‌స్టంటైన్, కాన్‌స్టాంటియస్, కాన్‌స్టన్స్. పైగా ఇంకో కాన్‌స్టాంటియస్ ఉన్నాడు, ఆయన్ని గాలస్ అంటారు. కొడుకుల్లో ఈ పేర్లలో చేరనివాడు అందరికన్నా పెద్దవాడైన క్రిస్పస్ ఒక్కడే. 326లో తండ్రే అతన్ని చంపించాడు. పేరు కలవకపోవడం ఎంత ప్రమాదమో చూడండి. 337లో తండ్రి పోయాక బంధువుల్లో చాలామందిని ఊచకోత కోశారు. 340లో మిగిలిన ముగ్గురిలో పెద్దవాడు చిన్న తమ్ముడి రాజ్యం మీదికి వెళ్ళి చచ్చాడు. ఇంతమంది చచ్చినా నాణేల మీద అందరికీ ఒకటే ముఖం, అవే పెద్ద కళ్ళు. వాళ్ళకే అక్కరలేని తేడాలు మనకెందుకు?

బొరుసు వైపు అడుగున ఒక గీత, దాని కింద నాలుగైదు చిన్న అక్షరాలు ఉంటాయి. అవి టంకశాల గుర్తులు. ఎస్ ఐ ఎస్ అంటే సిస్కియా, ఇప్పటి క్రొయేషియాలోని సిసాక్. టి ఆర్ అంటే జర్మనీలోని ట్రియర్. ఏ ఎన్ టి అంటే ఆంటియోక్. నాణెం ఏ ఊళ్ళో, ఏ పనిశాలలో, దాదాపు ఏ ఏళ్ళలో పుట్టిందో చెప్పేది ఆ నాలుగు అక్షరాలే. లాకెట్ చేయించుకోవడానికి కంసాలి చిల్లి పొడవాల్సిన చోటు కూడా సరిగ్గా అదే. బొమ్మ వైపు తల నిటారుగా రావాలంటే పైన కదా పొడవాలి అని మీరు అడగవచ్చు. మా కంసాలి కూడా అడిగాడు.

కొన్ని కంచు నాణేల మీద "మంచి రోజులు మళ్ళీ వచ్చాయి" అని అర్థమొచ్చే లాటిన్ మాట ఉంటుంది. 348 ప్రాంతంలో మొదలుపెట్టారు. సైనికుడు గుర్రం మీంచి పడిపోతున్న శత్రువుని బల్లెంతో పొడుస్తుంటాడు. కొన్నేళ్ళలోనే ఆ నాణెం చిక్కి సగమైంది. అక్షరాలు మాత్రం తగ్గలేదు. ఇటువంటివి ఎక్కువగా కొనండి. ప్రభుత్వాల మీద నమ్మకం కుదురుతుంది.

"ఏసుక్రీస్తు కాలం నాటిది" అని చెప్పి అమ్మితే ఇంకా సంతోషంగా కొనండి. మూడొందల ఏళ్ళ తేడా, పోనిద్దురూ. నా దగ్గరున్నది కాన్‌స్టంటైన్ నాణెం. 312లో క్రీస్తు చిహ్నంతో యుద్ధం గెలిచాడని కథ. ఆ తర్వాత కూడా కొన్నేళ్ళపాటు అతని కంచు మీద నిలబడినవాడు సూర్యుడు, తల చుట్టూ కిరణాలు, చేతిలో భూగోళం. క్రైస్తవ నాణెమని మా మేనత్తకి చూపిస్తే, కళ్ళజోడు సర్దుకుని, "సూర్యనారాయణమూర్తి కదుట్రా" అని దండం పెట్టుకుంది. ఆవిడకి లాటిన్ రాదు. అమ్మినవాడికి వచ్చు.

దొంగ నాణేల భయం ఉంటే జంటగా కొనండి. నా దగ్గర రెండున్నాయి. ఒకే గీత, ఒకే పగులు, అంచు మీద ఒకే చోట ఆకురాయి గుర్తు. రోములో ప్రతి నాణేన్నీ రెండు అచ్చుల మధ్య పెట్టి, చేత్తో సుత్తి దెబ్బ కొట్టేవారు. రెండు దెబ్బలు ఒక్కలా పడవు. ఇవి పడ్డాయి. పనివాడి నైపుణ్యం అలాంటిది.

చివరగా, మన నేలలో దొరికితే? తెలుగునాట దొరికిన రోమన్ నాణేలు ఎక్కువగా తొలినాటి బంగారం, వెండి. నల్గొండ జిల్లా అక్కనపల్లిలో దొరికిన కుండలో వెండి దీనారాలు వెయ్యికి పైనే ఉన్నాయి. ఆఖరి రోజుల కంచు కావాలంటే కరూరు, మదురై, శ్రీలంక వైపు వెళ్ళాలి. అయినా మీ పొలంలో కుండ తగిలితే 1878 నాటి నిధుల చట్టం ప్రకారం కలెక్టరుకి తెలియజేయాలి. దాచిపెడితే ఏడాది దాకా జైలు. ఒక కలెక్టరు ఇంకో కలెక్టరుకి ఎందుకు చెప్పాలన్నది నా ప్రశ్న. మా బావమరిది లాయరు. ఈ ప్రశ్న బయటెక్కడా అడగొద్దన్నాడు.

నా మొదటి సంచీలోని ఆ చింతపండు బిళ్ళ ఇప్పటికీ నా దగ్గరే ఉంది. అటూ ఇటూ తిప్పి చూశాను. బొమ్మ లేదు, బొరుసు లేదు, అక్షరం లేదు, అద్దంలా ఉంది. రోమన్ నాణేలకి పది సంపుటాల పెద్ద జాబితా ఒకటుంది. అందులో నాలుగో శతాబ్దమంతా, అయిదో శతాబ్దమంతా పేజీ పేజీ తిరగేశాను. ఇలాంటిది ఒక్కటి కూడా లేదు. చీటీ మీద ఎర్ర సిరాతో రాసిపెట్టాను: అత్యంత అరుదు, జాబితాకెక్కనిది, తెలిసినంతలో ప్రపంచంలో ఇదొక్కటే.