దెబ్బతిన్న వస్తువు ఫొటో పంపండి

మా అపార్ట్‌మెంట్ మూడో అంతస్తు లెక్కల మాస్టారు ఆ ఆదివారం టిఫిన్ తినలేదు. దెబ్బ తిన్నారు.

ఆర్డరు చిన్నదే. మైసూర్ బజ్జీ రెండు ప్లేట్లు, అల్లం చట్నీ కాస్త ఎక్కువ, మొత్తం 148 రూపాయలు. యాప్‌లో చుక్క మా గేటు దగ్గర కాకుండా వెనకవీధి కిరాణాకొట్టు దగ్గర వాలింది. డెలివరీ కుర్రాడు అక్కడ పది నిమిషాలు చక్కర్లు కొట్టాడు. చివరికి గేటు దగ్గరికొచ్చి కిందికి దిగమన్నాడు. లిఫ్టూ పనిచేయడం లేదు, నా మోకాళ్లూ పనిచేయడం లేదు, నువ్వే రావయ్యా అన్నారు మాస్టారు. వచ్చాడు. ముందు గొంతు పెంచింది ఎవరన్నదానికి రెండు కథనాలున్నాయి. చెంప మీద పడింది మాత్రం ఒకటే. కళ్లజోడు పగిలింది, మణికట్టు బెణికింది, కట్టుడు పన్ను ఒకటి మెట్ల మీదుగా దొర్లుకుంటూ రెండో అంతస్తుకు వెళ్లిపోయింది. అడ్డుపడిన వాచ్‌మన్‌కు మోచెయ్యి తగిలి పెదవి చిట్లింది.

మాస్టారు అద్దం ముక్కలు ఏరుకుంటుండగా ఫోను టింగుమంది. "మీ ఆర్డర్ చేరింది. మీ డెలివరీ పార్ట్‌నర్‌కు ఎన్ని స్టార్లు ఇస్తారు?" ఆయనకు చుక్కలు అప్పటికే కనిపిస్తున్నాయి. లెక్కపెట్టి చెప్పమంటోంది యాప్. లెక్కల మాస్టారే గదా అని కాబోలు.

ఫిర్యాదు చేద్దామని 'సహాయం' నొక్కారు. ఆలస్యమైందా, చల్లారిందా, ఐటెమ్ తగ్గిందా, వస్తువు దెబ్బతిందా? ఈ నాలుగే కష్టాలు. మనిషిని కొట్టారు అనే గడి లేదు. ఉన్నవాటిలో దగ్గరిదని నాలుగోది నొక్కారు. "దెబ్బతిన్న వస్తువు ఫొటో పంపండి" అంది. తన ముఖం ఫొటో తీసి పంపారు. "క్షమించండి, ఫొటోలో వస్తువు స్పష్టంగా లేదు" అని జవాబు. కళ్లజోడు లేకుండా తీసుకున్న ఫొటో, స్పష్టంగా ఎలా ఉంటుంది? ఇంకాసేపు గొడవపడితే ఓ కూపన్ వచ్చింది. వంద రూపాయల తగ్గింపు, 299 పైబడిన ఆర్డరుకు, ఏడు రోజుల్లో వాడుకోవాలి. అంటే ఇంకో మూడొందల రూపాయల తిండి తెప్పించుకుంటే, ఇంకో కుర్రాడు వస్తాడన్నమాట.

అప్పుడు నేను ఆయన్ని మా వకీలు బావ దగ్గరికి తీసుకెళ్లాను. బావ మొదట అడిగిన మాట, "ఎముక ఏమైనా విరిగిందా?"

"లేదండీ, బెణికిందంతే."

"అయ్యో," అన్నాడు బావ, నిజంగానే బాధపడుతూ.

ఆ బాధకు కారణం ఉంది. భారతీయ న్యాయ సంహితలో ఎముకో పన్నో విరిగినా, తొలగినా అది తీవ్ర గాయం. ఏడేళ్ల దాకా శిక్ష, పోలీసులు తమంతట తామే కదలొచ్చు. బెణికితే మామూలు గాయం. ఏడాది లోపు జైలో, పదివేల లోపు జరిమానానో, రెండూనో. అందులో దర్యాప్తు చేయాలన్నా పోలీసులకు మేజిస్ట్రేటు ఉత్తర్వు కావాలి. "పన్ను ఊడింది కదండీ!" అన్నారు మాస్టారు, ఆశగా.

"అది కట్టుడు పన్ను. శరీరం కిందికి వస్తుందా, ఆస్తి కిందికి వస్తుందా అన్నది వాదించుకోవాలి. ఆస్తే అనుకోండి, బిల్లు ఉందా?"

పోలీసు సంగతి అలా ఉంచి, డబ్బు సంగతికి వచ్చాం. ఒళ్లు ముట్టుకుని కొట్టడం సివిల్ చట్టంలోనూ తప్పే. వైద్యం ఖర్చు, కళ్లజోడు, పోయిన ట్యూషన్ల రాబడి, పదిమందిలో పడ్డ అవమానం, వీటన్నిటికీ నష్టపరిహారం దావా వేయొచ్చు. కోరిన మొత్తాన్నిబట్టి కోర్టు ఫీజు కట్టాలి. మరి ఎవరి మీద వేయాలి? కుర్రాడి మీద వేస్తే గెలుస్తారు, డిక్రీ వస్తుంది, దాన్ని అమలు చేయించుకోడానికి ఇంకో పిటిషన్ వేస్తారు. అప్పటికి అతని పేరున ఉన్న ఆస్తి, ఇంకా పద్దెనిమిది వాయిదాలు బాకీ ఉన్న బైకు. దాన్నీ ఫైనాన్సువాళ్లు మీకన్నా ముందే జప్తు చేస్తారు.

ఇక్కడ మన చట్టంలో ఓ తమాషా ఉంది. ఆ కుర్రాడు మాస్టారిని బైకుతో గుద్ది ఉంటే దారి చాలా సుళువు. మోటారు వాహనాల చట్టం, మోటారు ప్రమాదాల ట్రిబ్యునల్, థర్డ్ పార్టీ బీమా. సొంత బండిని కిరాయి పనికి వాడాడని బీమావాళ్లు గొణుగుతారు గానీ దారంటూ ఒకటుంది. పిడికిలితో గుద్దాడు, అదీ చిక్కు. తెలుగులో రెండూ గుద్దడమే. చట్టానికి మాత్రం మొదటిదానికి బీమా, రెండోదానికి కంపెనీవాళ్ల ధీమా.

"మరి కంపెనీని పట్టుకోలేమా?" అన్నాను.

"పనివాడు పనిలో ఉండగా చేసిన తప్పుకు యజమానిది బాధ్యత. ఇది పాత సూత్రమే. కొట్టడం పనిలో భాగమా అన్నదగ్గరే వందేళ్లుగా న్యాయమూర్తులు జుట్టు పీక్కుంటున్నారు," అని బావ అలమరలోంచి ఓ లావుపాటి పుస్తకం తీశాడు. సింగపూర్లో ఓ బస్సు కండక్టరు ముసలావిడతో దురుసుగా ప్రవర్తించాడు. అదేమిటని ఓ ప్రయాణికుడు అడిగాడు. టికెట్లకు చిల్లుపెట్టే పనిముట్టుతో కండక్టరు అతని ముఖం మీద కొడితే కన్ను పోయింది. లండన్‌లోని ప్రివీ కౌన్సిల్ దాకా వెళితే 1974లో తీర్పు చెప్పారు: కండక్టరు ఉద్యోగం టికెట్లకు చిల్లుపెట్టడం, మనుషులకు కాదు, బస్సు కంపెనీకి సంబంధం లేదు. అదే ఇంగ్లండులో బర్మింగ్‌హామ్‌లో 2008లో ఓ సూపర్‌మార్కెట్‌వాళ్ల పెట్రోలు బంకు కౌంటరు దగ్గర ఓ కస్టమర్ తన పెన్‌డ్రైవ్‌లో కాగితాలు ప్రింటు తీస్తారా అని అడిగాడు. కౌంటరు మనిషి బూతులు తిట్టి, కారు దాకా వెంటబడి కొట్టాడు. పై అధికారి ఆపమంటున్నా ఆపలేదు. 2016లో ఆ దేశ సుప్రీంకోర్టు మారిసన్స్ అనే ఆ సూపర్‌మార్కెట్ కంపెనీదే బాధ్యత అంది. ఇంకెప్పుడూ ఇక్కడికి రావద్దని అతను హుకుం జారీ చేశాడు కదా, కస్టమర్లతో వ్యవహరించడమే అతని పని కదా అన్నది తర్కం. కాబట్టి కొట్టేవాడు కొట్టేముందు కంపెనీ తరఫున నాలుగు మాటలు మాట్లాడితే మనకు మంచిది.

"మావాడు మాట్లాడాడండీ," అన్నారు మాస్టారు. "'మా యాప్‌లో పైకెక్కమని రూలు లేదు' అన్నాడు."

"ఆ మాట కాగితం మీద రాసుకోండి," అన్నాడు బావ వెంటనే.

కానీ ఆ కేసులన్నీ జీతగాళ్లవి. మన కుర్రాడు జీతగాడు కాడు, 'పార్ట్‌నర్'. అతనెక్కడున్నాడో అడుగు తేడా లేకుండా కంపెనీకి తెలుసు. చొక్కా కంపెనీది, పెట్టె కంపెనీది, రేటు కంపెనీది, ఆలస్యమైతే కోతా కంపెనీదే. చెయ్యి లేచిన క్షణం నుంచి మాత్రం అతనెవరో మాకు తెలియదండీ, మేం వట్టి టెక్నాలజీ వేదిక, వంటవాణ్నీ వడ్డించేవాణ్నీ తినేవాణ్నీ కలిపే పెళ్లిళ్ల పేరయ్యలం అంటుంది. 2020 నాటి సామాజిక భద్రతా కోడ్ కూడా గిగ్ వర్కర్ అంటే సంప్రదాయ యజమాని-ఉద్యోగి సంబంధానికి వెలుపల పనిచేసేవాడనే రాసింది.

నాకు చిరాకేసింది. "పార్ట్‌నర్ అయితే ఇంకా మంచిది కదా బావా. 1932 నాటి భాగస్వామ్య చట్టం ఏమంటుంది?"

బావ ముఖం వెలిగింది. ఆ చట్టం 26వ సెక్షన్ ప్రకారం, వ్యాపారం చేసే క్రమంలో ఒక భాగస్వామి తప్పు చేసి బయటివాళ్లకు నష్టం కలిగిస్తే, ఆ భాగస్వామితో సమానంగా సంస్థ మొత్తం బాధ్యత వహించాలి! అయితే అదే చట్టం నాలుగో సెక్షన్‌లో భాగస్వామి అంటే లాభాలు పంచుకునేవాడు అని ఉంది. మన కుర్రాడికి లాభంలో పంపకం లేదు, వర్షంలో మాత్రం ఉంది. కంపెనీ ఆ మాటను పిలుపుకే పెట్టుకుంది, పంపకానికి కాదు. మా ఇంట్లో మా ఆవిడ నన్ను 'యజమాని' అన్నట్టే.

మన దేశంలో ఈ ముసుగు ఒకసారి తొలిగినట్టే తొలిగింది. 2018లో బెంగళూరులో ఓలా క్యాబ్ డ్రైవరు తనను వేధించాడని ఓ మహిళ తర్వాత కోర్టుకెక్కింది. అతను మా ఉద్యోగి కాదంది కంపెనీ. 2024 సెప్టెంబరు 30న కర్ణాటక హైకోర్టు ఏకసభ్య ధర్మాసనం, పని ప్రదేశంలో లైంగిక వేధింపుల చట్టం వరకు అతన్ని ఉద్యోగిగానే చూడాలని చెప్పి, కంపెనీ ఆమెకు 5 లక్షలు కట్టాలంది. సంతోషించేలోపే డివిజన్ బెంచి దానిమీద స్టే ఇచ్చింది.

అసలు కోర్టుదాకా పోకుండానే కంపెనీలు కట్టగలవు కూడా. 2021 మార్చిలో బెంగళూరులోనే డెలివరీ కుర్రాడు ముక్కు మీద గుద్దాడని ఓ యువతి, ఆమే తనను చెప్పుతో కొట్టిందని అతను పరస్పరం ఫిర్యాదు చేసుకున్నారు. ఆమె పెట్టిన వీడియో దేశమంతా చూస్తోంది. ఆమె వైద్యం ఖర్చూ, అతని కోర్టు ఖర్చూ రెండూ మేమే భరిస్తామని కంపెనీ ప్రకటించింది. మా మాస్టారు వీడియో తీయలేదు. చేతిలో బజ్జీల పొట్లం ఉంది.

"నన్నడిగితే వినియోగదారుల కమిషన్‌కి వెళ్దాం," అన్నాడు బావ. "కుర్రాడి తప్పుకు కంపెనీని పట్టుకోవడం కన్నా కంపెనీ తప్పుకే కంపెనీని పట్టుకోవడం మేలు." పోలీసు వెరిఫికేషన్ చేయించారా? ఈ కుర్రాడి మీద ముందే ఫిర్యాదులుంటే ఏం చేశారు? మ్యాపులో చుక్క తప్పుచోట ఎందుకు పడింది? కొడితే చెప్పుకోడానికి గడి ఎందుకు లేదు? 2019 వినియోగదారుల చట్టంలో సేవాలోపం అంటే సేవ చేసిన తీరులో లోపం కూడా. సరుకుకు కట్టిన ధర 5 లక్షల లోపయితే ఫీజు లేదు, మాస్టారు కట్టింది 148. వకీలు లేకుండానే మీ ఊళ్లోనే వేసుకోవచ్చు, ఆన్‌లైన్లోనూ వేయొచ్చు. గడువు రెండేళ్లు. నిర్లక్ష్యానికి పరిహారమే కాదు, కమిషన్ తలుచుకుంటే శిక్షగా అదనపు సొమ్మూ వేస్తుంది. ఇది కొట్లాట కేసు, సివిల్ కోర్టుకు పొండి అనే ప్రమాదమూ ఉంది. అది దాచి లాభం లేదు.

"నిబంధనల్లో కోర్టు కాదు, ఆర్బిట్రేషనే అని ఉందిగా? నేను 'అంగీకరిస్తున్నాను' నొక్కానుగా?" అన్నారు మాస్టారు. లెక్కల మాస్టారు, చిన్నక్షరాలు కూడా చదివారు పాపం.

ఆ నొక్కుడు మహిమ అమెరికాలో చూడాలి. న్యూజెర్సీలో ఓ దంపతులు 2022లో ఊబర్ కారులో వెళుతూ ప్రమాదంలో గాయపడ్డారు. దావా వేస్తే, మీ అమ్మాయి మీ ఫోనులో ఊబర్ ఈట్స్ పిజ్జా తెప్పించేటప్పుడు నిబంధనలకు ఒప్పుకుంది కాబట్టి మీకు కోర్టు గుమ్మం ఎక్కే హక్కు లేదంది కంపెనీ. అమ్మాయికి 12 ఏళ్లు. 2024 సెప్టెంబరులో అక్కడి అప్పీలు కోర్టు కంపెనీ మాటే నిజమంది. మనవాళ్లు ఈ ఒక్క విషయంలో గట్టివాళ్లే. ఆర్బిట్రేషన్ షరతు ఉన్నా వినియోగదారుల కమిషన్‌కు వెళ్లొచ్చని సుప్రీంకోర్టు 2018లో ఎమ్మార్ ఎంజీఎఫ్ కేసులో తేల్చేసింది.

ఇక వాచ్‌మన్. పెదవి చిట్లింది నిజం, కానీ అతను బజ్జీలు ఆర్డరివ్వలేదు. వినియోగదారుడు కాడు. అతనికి సివిల్ కోర్టో, లేదంటే న్యాయసేవాధికార సంస్థ పెట్టే లోక్ అదాలతో. అక్కడ రాజీ కుదిరితే అవార్డు డిక్రీతో సమానం, ఫీజు లేదు. "నాకు ఆ పెదవికి మందు ఇప్పించండి చాలు" అన్నాడతను. మందు అనే మాటకు అతని అర్థమేమిటో మేం అడగలేదు.

బావ చెప్పినట్టు ప్రభుత్వాసుపత్రిలో గాయం సర్టిఫికెట్ తీసుకున్నాం. స్క్రీన్‌షాట్లు తీశాం. మా అపార్ట్‌మెంట్ కెమెరా పదిరోజులకోసారి తన పాపాలు తానే కడిగేసుకుంటుంది కాబట్టి ముందు ఆ రోజు దృశ్యాలను పెన్‌డ్రైవ్‌లో ఎక్కించాం. కంపెనీ ఫిర్యాదుల అధికారికి నోటీసు పంపాం. ఈ-కామర్స్ నియమాల ప్రకారం 48 గంటల్లో అందిందని చెప్పాలి, నెలలో పరిష్కరించాలి. అందిందని నలభయ్యేడో గంటలో చెప్పారు. కుర్రాడి చిరునామా అడిగితే, పార్ట్‌నర్ల గోప్యత తమకు ప్రాణమని, ఇవ్వలేమని రాశారు. కేసు దాఖలయ్యాక కంపెనీకి నోటీసు అందిన నాటినుంచి మూడునెలల్లో తేల్చడానికి 'ప్రయత్నించాలి' అని చట్టం. బజ్జీ పది నిమిషాల్లో వస్తుంది, ఎక్కడిదాకా వచ్చిందో చుక్క కనిపిస్తుంది. ఫైలు ఏ బల్ల దాటిందో చూపే చుక్కను ఇంకా ఎవరూ కనిపెట్టలేదు.

మొన్న సాయంత్రం బావ మాస్టారింట్లోనే ఫిర్యాదు రాస్తుంటే తలుపు చప్పుడైంది. ఆ కుర్రాడే. చొక్కా లేదు, అంటే కంపెనీ చొక్కా లేదు. మాస్టారు రెండడుగులు వెనక్కి వేశారు, బావ పుస్తకం పైకెత్తాడు.

"తప్పయింది సార్. చెయ్యి చేసుకోకూడదు," అన్నాడు, గుమ్మం దాటకుండా. "ఐడీ బ్లాక్ చేశారు. ఎందుకని అడిగితే చాట్‌లో 'మీ సమస్య మాకు ముఖ్యం' అనే వస్తోంది. నాకు మనిషి దొరకట్లేదు సార్. మీకేమైనా దొరికాడా?"

మాస్టారు కొత్త కళ్లజోడు సర్దుకుని తన ఫోను చూపించారు. అదే వాక్యం, అదే బొమ్మ.

"కేసు వేస్తున్నామయ్యా," అన్నాడు బావ. "మొదటి ప్రతివాది కంపెనీ. రెండోది నువ్వు. వచ్చి నువ్వే చెప్పు, అప్పుడు ఏం జరిగిందో, ఆ చుక్క ఎక్కడ పడిందో. ముందు నీ అడ్రస్ కావాలి, వాళ్లివ్వలేదు."

కుర్రాడు కాసేపు మెట్లవైపు చూశాడు. తర్వాత చెప్పులు విప్పి లోపలికొచ్చాడు.

"డోర్ నంబరు రాసుకోండి సార్. ఫోనులో వెతకొద్దు, మా సందు కూడా తప్పే చూపిస్తుంది."