ఆ గుర్రం నాది కాదబ్బా

కువైట్.

అబ్బకు నీ పెద్ద మనవడు దండాలు పెట్టి రాసేది. నేనీడ బాగుండా. నువ్వు, జేజి, నాయన, అమ్మ, బర్రెగొడ్లు అందరూ బాగుండారని తలుస్తాండా.

ఫోన్లో చెప్పొచ్చు గదా అంటావేమో. ఫోన్లో నువ్వు "ఆఁ?" అనేదానికీ, నేను మళ్లా మొదట్నుంచీ చెప్పేదానికీ నా రీచార్జి చాలదు. అదీగాక ఈ సంగతి నలుగురి ముందర చదివించాల. రచ్చకట్ట కాడ పిల్లోనెవర్నన్నా పట్టుకోని గెట్టిగా చదివించు.

పోయిన వారం స్టేటస్‌లో ఫొటో పెట్టినా చూడు, తెల్ల గుర్రం పక్కన నల్లద్దాలు పెట్టుకోని నిలబడినేది. ఆ గుర్రం నాది కాదు. అద్దాలూ నావి కావు, మా యజమాని బాబా కొడుకువి. ఆ ఫొటోలో నాది అనేదానికి ఉండేది చేతిలో పార ఒగటే. దాన్ని కత్తిరించి పెట్టినా. తప్పు నాదే. మూడు దినాలు తిరక్కుండానే మామ పిల్లోని కాలేజీ ఫీజుకు అప్పడిగినాడు. గుడికాడోళ్లు అశ్వవాహనానికి కొత్త రంగులు వేయించమని కబురు పెట్టినారు. నీ మనవరాలు, అదే మా ఇంటామె, "గుర్రం కొనేదానికి దుడ్లుండాయి, నా కమ్మలకు లేవా?" అని ఫోనే ఎత్తడంల్యా.

అసలు దీనికంతా మూలం నువ్వే అబ్బా.

డ్రైవర్ పని అని గదా నేనొచ్చింది. వీసా ఇప్పించినాయప్ప "మీ ఇంట్లో డ్రైవర్లు ఎవరన్నా ఉండారా?" అని అడిగితే, "మా అబ్బ ముప్పై ఏండ్లు ప్రొద్దుటూరులో జట్కా తోలినాడు" అని గొప్పగా చెప్పినా. ఆయప్ప ఆ మాటను ఈడికి ఎట్ల చేరేసినాడో ఏమో, నేను విమానం దిగేసరికి మాది గుర్రాల వంశమని పేరొచ్చేసింది. బాబా నన్ను నేరుగా ఎడారిలో ఉండే గుర్రాల సాలకు తీస్కపోయి, తొమ్మిది గుర్రాలను చూపించి, "నీవే" అన్నట్టు చెయ్యి ఊపినాడు. నీ జట్కా గుర్రం రాజీ చచ్చిపోయేనాటికి నేను పుట్టనే లేదు. అయినా ఏం జేస్తా? వంశం పరువు గదా అని తల ఊపినా.

ఒగ మేలు మాత్రం జరిగింది. అరబ్బీ రాదని భయపడిన గదా? జీను కింద కాలు పెట్టేదాన్ని నువ్వు రికాబు అనేవాడివే, వీళ్లూ రికాబే అంటారు. గుర్రాలను చూసుకునేవాణ్ని నువ్వు సాయీసు అనేవాడివి, వీళ్లు సాయిస్ అంటారు. లగాముకూ రోంత దగ్గర మాటే. మొదటి దినం పది మాటలు అర్థమయ్యేసరికి బాబా మురిసిపోయినాడు. పదకొండో మాట "పేడ తియ్యి" అయ్యుండాల, చేత్తో చూపించినాడు.

రికాబు అంటే గుర్తొచ్చింది. మెడికల్ పరీక్షకు మద్రాసు పోయినప్పుడు మన్రో దొర విగ్రహం చూసినా. 1827లో మన పత్తికొండ కాడ కలరా తగిలి పోయినాడే, ఆ దొరే. అంత పెద్ద గుర్రానికి జీనూ లేదు, రికాబులూ లేవు. చేసినోడు మర్చిపోయినాడని జనం చెప్పుకుంటారు. నేను మాత్రం రికాబులుండే గుర్రాన్నే ఎక్కినా. ఈ పక్క ఎక్కినా, ఆ పక్క పడినా. మధ్యలో సవారీ అనేది జరగల్యా. ఆపొద్దు నుంచీ బాబా నన్ను ఎక్కమనడంల్యా, నేనూ అడగడంల్యా.

ఇంగ వీటి వైభోగం విను. ఈ దేశంలో 2016 జులైలో మిత్రిబా అనే చోట 53.9 డిగ్రీలు కొట్టిందంట. మన కడప ఎండ దీని ముందర పందిరి కింద నీడ. అందుకని గుర్రాల సాలలో ఏసీ పెట్టినారు. నా రూములోనూ ఉండాది, సప్పుడు మాత్రం చేస్తాది. ఎండాకాలం తెల్లారకముందే వాటిని తిప్పుకోని వచ్చి, నీళ్లు పోసి, నున్నగా గీకి లోపల కట్టేయాల. గుర్రానికి మెడలో చిప్పు, దాని పేరు మీద పాస్‌పోర్టు. అమ్మ పేరు, నాయన పేరు, తాత పేరు కూడా ఉంటాదంట కాయితాల్లో. దాని పాస్‌పోర్టూ నా పాస్‌పోర్టూ బాబా బీరువాలో పక్కపక్కనే ఉండాయి. ఈ ఇంట్లో మేమిద్దరం సమానంగా ఉండే చోటు అదొగటే.

నిలబడే నిద్రపోతాయని నువ్వు చెప్పినప్పుడు నమ్మల్యా. నిజమే. కాళ్ల కీళ్లు అట్ల బిగించుకుంటాయంట. కడప బస్సులో రోజూ నిలబడి పోయొచ్చేవాళ్లకు దేవుడు ఆ బిగింపు ఎందుకియ్యలేదో.

నువ్వు చెప్పిన ఇంగో కతా నమ్మల్యా అబ్బా. రాజీకి కడుపునొప్పి వస్తే తెల్లార్లూ మైదుకూరు రోడ్డున నడిపించినా అంటావే, అది. పోయిన నెల నడిరేయి ఫొటోలో ఉండే ఆ తెల్లది చెమటలు కక్కుతా, కడుపుదిక్కు తిరిగి చూస్తా, కాలితో నేల గీకతా ఉండాది. పడుకోని పొర్లబోయింది. నాకు నీ మాట తప్ప ఇంగేం తెల్దు. గుర్రానికి వాంతి కాదు, లోపలికి పోయింది పైకి రాదు, పొర్లితే పేగు మెలి పడొచ్చు అంటివి గదా. పగ్గం పట్టుకోని లేపినా. అదీ నేనూ ఆ ఇసుకలో తిరిగినాం తిరిగినాం. దానికి వినపడాలని నువ్వు రాజీతో మాట్లాడినట్టే మాట్లాడినా. ఊరి సంగతులన్నీ చెప్పినా, వానల్యాక శనక్కాయ ఎండిపోయింది, బోరు మూడోసారీ పడల్యా, అప్పు ఇంత అని. చెవులు ఇట్ల తిప్పి ఇన్యాది. మనిషైతే ఆ అప్పు లెక్క కాన్నే లేచిపోయుండు.

డాక్టరు వచ్చి సూది వేసి, దాని కడుపు మీద గొట్టం పెట్టి ఇన్నాడు. లోపల గుడగుడ సప్పుడు ఉంటే మంచిదంట, లేకుంటేనే భయమంట. ఆ లెక్కన పప్పు తిన్న రాత్రి మా రూములో ఎనిమిది మందిమీ దివ్యమైన ఆరోగ్యంతో ఉంటాం. డాక్టరు బిల్లు నా మూడు నెలల జీతం. బాబా నా భుజం తట్టి "నువ్వు గుర్రాల వంశమే" అన్నాడు. జీతం పెంచుతా అన్ల్యా.

మా రూములో రాయచోటి పిల్లోడొగడు ఉండాడు. యోగి వేమన యూనివర్సిటీలో చరిత్ర ఎమ్మే చదివి, ఈడ నీళ్ల లారీ తోల్తాండాడు. ఆ పిల్లోడు చెప్పింది వింటే నాకు అన్నం దిగల్యా. విజయనగరం రాజులు ఈ సముద్రం దిక్కునుంచే, హోర్ముజ్ నుంచే, ఓడల్లో గుర్రాలు తెప్పించుకునేవాళ్లంట. కృష్ణదేవరాయలు ఏడాదికి 13,000 కొంటుండెనని నూనిజ్ అనే పోర్చుగీసు గుర్రాల వ్యాపారి రాసిపెట్టినాడంట. మన గండికోటలో పెమ్మసాని వాళ్లెక్కినవీ ఈ జాతివే అయ్యుండొచ్చు. మన నేలన గుర్రం సరిగ్గా ఈనదు, బతకదు అనుకునేవాళ్లంట. దానికి తోడు, గుర్రపు వైద్యం తెలిసినోళ్లను ఈ వ్యాపారులు మన దిక్కు రానిచ్చేవాళ్లు కాదని అంతకు ముందే మార్కో పోలో రాసినాడంట. అవి చస్తేనే గదా మళ్లా బేరం! అప్పుడు వాళ్లు సాయీసును పంపక గుర్రాన్ని పంపిరి. ఇప్పుడు మనం గుర్రం లేక సాయీసును పంపిస్తాండాం.

అన్నిటికన్నా గొప్పది తోక కత. సాళువ నరసింహరాయలు ఓడలో చచ్చిన గుర్రానికి కూడా, తోక తెచ్చి చూపిస్తే చాలు, బతికిండేదానికి ఇచ్చినంతే ఇచ్చేవాడంట. ఆ రాత్రి పండుకోని ఆలోచించినా. నాకేమన్నా అయితే చూపించేదానికి నాకు తోక కూడా లేదే అని. ఈ మాట మాత్రం అమ్మకు చదివించొద్దు.

సరే, అసలు పనికి వస్తా. నువ్వు రాజీకి ఉలవలు ఉడకబెట్టి, కట్టు వంచి జేజికిచ్చి, గుగ్గిళ్లు గుర్రానికి పెట్టేవాడివంట గదా. గుర్రం తినంగా మిగిలిన చారుతో మీరు సంగటి తిన్యారు. ఇంగిలీసోళ్లు ఉలవలకు హార్స్ గ్రామ్ అని పేరు పెట్టినప్పుడు మనల్ని ఏ లెక్కలో వేసుకున్యారో! ఈడ మాత్రం ఇవి జత్ అనే పచ్చగడ్డి, బార్లీ తప్ప ముట్టవు. మొన్న నేను వచ్చేటప్పుడు తెచ్చుకున్న ఆఖరి గుప్పెడు ఉలవలు ఉడకబెట్టుకోని సాల గడప మీద కూచోని తింటాంటే, వెనకనుంచి వెచ్చగా ఊపిరి తగిలింది. తెల్లది. నా భుజం మీదుగా తల పెట్టి గిన్నెలోకి చూస్తాండాది. డాక్టరు చెప్పిందే తప్ప ఇంగేమీ పెట్టొద్దని బాబా గట్టి ఆర్డరు. అయినా అరచేతిలో నాలుగు గింజలు పెట్టినా. నాలుగే. తిని, గిన్నె ఎత్తిపెట్టేదాంక ఈన్నుంచి కదల్యా.

వచ్చే నెల మన పక్కూరాయప్ప లీవు నుంచి తిరిగొస్తాండాడు. ఆయప్ప చేతికి రెండు శేర్లు ఉలవలు కట్టియ్యి. నల్లవి దొరికితే నల్లవి. ఎవరికని ఎవరన్నా అడిగితే, నాకే అని చెప్పు.

నీ పెద్ద మనవడు
(గుర్రం లేనోడు)