ఖర్చు లేని పనులు

దర్శి చుట్టుపక్కల మిరప కోతలు మొదలైతే పగటిపూట ఇళ్ల దగ్గర మిగిలేది ముసలివాళ్లు, వాళ్ల మంచాలు. ఆ మంచాల సంగతి పంచాయతీ అభివృద్ధి ప్రణాళికలో ఎక్కడుందో చూడాలంటే కళ్లజోడు తుడుచుకుని కూర్చోవాలి. సీసీ రోడ్డు మాత్రం వెతక్కుండానే దొరుకుతుంది, పక్కనే సైడు కాలువతో సహా.

పంచాయతీలకు ఈ బాధ్యత లేదా అంటే, ఉంది. రాజ్యాంగం పదకొండో షెడ్యూల్లోని 29 అంశాల్లో 26వది సాంఘిక సంక్షేమం, అందులో దివ్యాంగులూ ఉన్నారు. అంశం ఇచ్చినవాళ్లు డబ్బు సంచికి వేరే ముడి వేశారు. 2021-26 కాలానికి 15వ ఆర్థిక సంఘం నిధుల్లో 60 శాతం తాగునీటికి, పారిశుధ్యానికే వాడాలని షరతు పెట్టారు. ఫ్లోరైడు నీళ్లు తాగిన ఈ ప్రాంతంలో కుళాయికి డబ్బెందుకు అనడానికి ఎవరికీ నోరు రాదు. కాకపోతే ఇప్పటికే వంగిపోయిన మోకాళ్లు కొత్త కుళాయి తిప్పగానే నిటారు కావు.

మరి మంచం పట్టినవాళ్లకు ప్రణాళికలో చోటే లేదా? ఉంది. ఢిల్లీ పెద్దలు పంచాయతీలకిచ్చిన మార్గదర్శకాల్లో 'తక్కువ ఖర్చుతో, ఖర్చు లేకుండా చేసే పనులు' అని ఒక పద్దు ఉంది. అవగాహన సదస్సులూ ప్రతిజ్ఞలూ అందులోకే పోతాయి. అత్తను లేపి కూర్చోబెట్టి అన్నం తినిపించడం కూడా ఇంచుమించు ఆ పద్దులోదే. పంచాయతీకి పైసా ఖర్చు లేదన్నది నిజమే. కోతకు వెళ్లలేక కూలి పోగొట్టుకునే కోడలు పంచాయతీ పద్దుల్లోకి రాదు.

2024 ఆగస్టు 23న ఆంధ్రప్రదేశ్‌లో ఒకే రోజు 13,326 పంచాయతీల్లో గ్రామసభలు పెట్టారు. ఉపాధి హామీ పనులకు తీర్మానాలు చకచకా అయిపోయాయి. లేవలేనివాళ్లు సభకు రాలేరు, రానివాళ్లు చెయ్యెత్తలేరు. కోరం ఎటూ వాళ్లతో నిండదు.

న్యాయంగా చెప్పాలంటే పింఛను విషయంలో ప్రభుత్వం చురుకే. 2024 మార్చి చివర్లో గ్రామ వాలంటీర్లు పింఛన్లు పంచకూడదని ఎన్నికల సంఘం అన్నప్పుడు, ఎండలో సచివాలయాలకు నడిచిన వృద్ధులను చూసి అన్ని పార్టీలకూ ఒక్కసారే గుండె కరిగింది. ఆ జూలై నుంచి వృద్ధులకు 4,000, దివ్యాంగులకు 6,000, పూర్తిగా మంచానికే పరిమితమైనవాళ్లకు 15,000 రూపాయలు. ఒకటో తారీఖున ఉద్యోగి ఇంటికే వస్తాడు, వేలిముద్ర వేయించుకుంటాడు, నోట్లు చేతిలో పెడతాడు. రెండో తారీఖు నుంచి పక్క మార్చే మనిషి ఎవరన్నది ఏ యాప్‌లోనూ అడగరు.

కేరళవాళ్లు అడిగారు. 2008లో పాలియేటివ్ (ఉపశమన) సంరక్షణ విధానం తెచ్చి, ఇంటింటికీ తిరిగే నర్సును స్థానిక సంస్థల ప్రణాళికలోనే చేర్చారు. అక్కడి ప్రణాళికలో నర్సమ్మ ఒక ప్రాజెక్టు.

మనమూ అలా చేద్దామని ఏ సర్పంచికైనా బుద్ధి పుట్టిందనుకోండి. ఆర్థిక సంఘం నిధుల్లో ఆ 60 పోగా ఇంకా 40 శాతం ఉంది కదా, ఊరి అవసరాన్ని బట్టి వాడుకోవచ్చు కదా అని నిబంధనల పుస్తకం తిరగేస్తాడు. వాడుకోవచ్చు, జీతాలకూ సిబ్బంది ఖర్చులకూ తప్ప! నర్సు జీతం అడుగుతుంది. సిమెంటు బస్తా అడగదు. కాబట్టి ఆ 40 శాతంతో ఇంకో సీసీ రోడ్డు, పక్కనే ఇంకో సైడు కాలువ.