సుంకి ఘాటూ, నూటపదహారు సీసీలూ

సాలూరు లారీకి ఇంజను అరిగిందన్న సంగతి ముందు ఓనరుకు తెలియదు, మేస్త్రీకీ తెలియదు. సుంకి ఘాటుకు తెలుస్తుంది. విజయనగరం నుంచి రామభద్రపురం దాకా ఏమీ ఎరగనట్టు వచ్చిన బండి, కోరాపుట్ వైపు మలుపులు మొదలవగానే పొగ కక్కుతూ ఫస్టు గేరులోకి దిగిపోతుంది. వెనకున్న బస్సు డ్రైవరు ఆ ఓనరు ఏడు తరాలనూ తలుచుకుంటాడు.

రాయ్‌పూర్ రోడ్డు మీద బతికే ఊరు సాలూరు. ఒకప్పుడు 43, ఇప్పుడు 26 నంబరు జాతీయ రహదారి. ఇక్కడ లారీ లేని ఇంట్లో కూడా లారీ గురించి అభిప్రాయం ఉంటుంది. అందుకే ఇంజను దించాల్సి వస్తే షెడ్డు ముందు చిన్నపాటి అసెంబ్లీ కూడుతుంది. బోరు చేయించి పిస్టన్లూ బేరింగులూ మార్చాలని అధికారపక్షం. రెడీ ఇంజను తెచ్చి బిగించెయ్యాలని ప్రతిపక్షం. ఓనరు మాత్రం ఎప్పుడూ మూడో పక్షమే.

"ఏటి మేస్త్రీ, రింగులేసేత్తే సరిపోదేటి?"

"ఏసేత్తాను. ఆనక బేరింగులు పోయాయని నన్నే తిడతావు."

మేస్త్రీ మాటలో న్యాయముంది. పైన కొత్త రింగులు పడితే కంప్రెషన్ లేచి వస్తుంది. ఆ దెబ్బంతా కింద ఏళ్ళ తరబడి అరిగిన బేరింగుల మీద పడుతుంది. చౌక బేరమని మురిసిన ఓనరు మళ్ళీ ఇంజను దింపిస్తాడు.

బోరు కథ ఇంజనును బట్టి మారుతుంది. టాటా 697 పేరులోనే దాని జాతకం ఉంది: 6 సిలిండర్లు, 97 మిల్లీమీటర్ల బోరు. దీనికి లైనర్లు మారిస్తే మళ్ళీ మొదటి సైజే. కమిన్స్ 6బీటీకి లైనర్లుండవు, బ్లాకులోనే బోరు. 102 మిల్లీమీటర్ల దాన్ని అరమిల్లీమీటరో, మిల్లీమీటరో కోసి, ఆ సైజు పిస్టన్లు వేస్తారు. పూర్తి మిల్లీమీటరు కోస్తే 5883 సీసీ కాస్తా 5999 అవుతుంది. అంటే బోరింగు మిషను ఇంజనుకు అచ్చంగా నూటపదహార్లు చదివించిందన్నమాట! ఘాటు ఎక్కేటప్పుడు ఆ చదివింపులు ఎక్కడికి పోతాయో డ్రైవరుకే తెలియాలి.

బలం నిజంగా కావాలనుకునే కుర్ర ఓనర్లు పంపు సెట్టింగు పెంచమంటారు. డీజిల్ ఎక్కువ పోతుంది, గాలి మాత్రం పాతంతే. మిగిలేది నల్లపొగా, మాడే పిస్టనూ. మరి టర్బో లేని ఇంజనుకు టర్బో తగిలిస్తేనో? టర్బో ఇంజనులో పిస్టన్లు వేరు, కంప్రెషన్ లెక్క వేరు, వేడిని తట్టుకునే ఏర్పాట్లు వేరు. అవేవీ లేకుండా పాత ఇంజనులోకి గాలి బలవంతాన కుక్కితే ముందు వెళ్ళిపోయేది హెడ్ గాస్కెట్టు.

ఇక రెడీ ఇంజను. గాజువాక ఆటోనగర్‌లోనో, బెజవాడ ఆటోనగర్‌లోనో దొరికేది చూడడానికి ధగధగలాడుతుంది. రంగు కొత్తది. లోపలున్నదెవరో విప్పితే గాని తెలియదు. నమ్మకం కావాలనుకుంటే కంపెనీలే బాగుచేసి ఇచ్చే ఇంజన్లున్నాయి. టాటా వాళ్ళకు ప్రోలైఫ్ పేరుతో ఆ ఏర్పాటుంది. రేటు వినగానే ఓనరుకు పాత ఇంజను మీద ప్రేమ పుట్టుకొస్తుంది.

ఇంజను మారితే ఇంజను నంబరూ మారుతుంది. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను ప్రకారం ఆర్‌సీలోని వివరాలతో అది సరిపోవాలి, రవాణా శాఖకు చెప్పుకోవాలి. 2022 ఏప్రిల్ 4న సాలూరు విజయనగరం జిల్లా నుంచి పార్వతీపురం మన్యం జిల్లాలోకి మారిపోయింది. జిల్లాకు జిల్లా మారడానికి ఒక్క బోల్టూ విప్పలేదు, లారీకి ఇంజను మార్చాలంటే మాత్రం ఇంత కాగితం!

బ్లాకూ క్రాంకూ గట్టిగా ఉంటే బోరే మేలు. నెల వాయిదా నెత్తిన కూర్చుని, బండి షెడ్డులో ఒక్కరోజు ఎక్కువ ఆగినా గుండె గుబేలుమనే ఓనరుకు రెడీ ఇంజనే గతి. కనెక్టింగ్ రాడ్డు బ్లాకును చీల్చుకుని లోకం చూసిన రోజున అసెంబ్లీ దానంతటదే రద్దు.

2020 ఏప్రిల్ నుంచి వచ్చిన బీఎస్-6 బళ్ళు ఈ చర్చను మరో దారి పట్టించాయి. పొగ శుద్ధికి వీటిలో 32.5 శాతం యూరియా కలిపిన నీళ్ళు పొయ్యాలి. లాప్‌టాప్ తగిలించనిదే జబ్బేమిటో చెప్పవు.

"యూరియా లారీ తాగేత్తే వరికేటి ఎయ్యాల?" అని షెడ్డులో ఓ రైతు అడిగాడు.

"ముందు లాప్‌టాపు తగిలించి సూడాల," అన్నాడు మేస్త్రీ.